వంగపూలమ్మ రేకులు

ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే దారికి కాస్త లోపలగా, మాలకొండయ్య మామిడితోపులో వంగపూలమ్మ వెలసి ఉంది. గుడి లేదు, గోపురం లేదు. నడుమెత్తు రాయి. కాకిబంగారం, అంటే అభ్రకం, ఆ చుట్టుపక్కల అందరూ ఎరిగినదే గానీ, వంగపువ్వు రంగులో పొరలు పొరలుగా మెరిసే రాయి మాత్రం అదొక్కటే. తాతల నాటి నుంచి శుక్రవారం నాడు దానికి నీళ్ళు పోసి పసుపు రాసే వంతు కామయ్య ఇంటిది.

ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన మూడో ఏట, ఖనిజాలు వెతికే సర్కారు ఉద్యోగి రాజమోహన్ ఆత్మకూరులో మకాం పెట్టి కాకిబంగారం గనులన్నీ తిరుగుతూ ఈ రాయిని చూశాడు. నెల్లూరు పిల్లవాడు, మర్యాద తెలిసినవాడు. వెనక వైపు నుంచి పిడికెడు ముక్క ఇప్పించమని అడిగాడు.

"పిడికెడేంది, గంపెడు తీసుకోండి," అన్నాడు మాలకొండయ్య. భూమి ఆయనది. సర్కారు మనిషి రాకపోకలు మొదలైతే తోపు దాకా రోడ్డు పడుతుందని ఆయన ఆశ. "శుక్రవారం మన మస్తానయ్యను ఉలి తీసుకొని రమ్మంటాను."

ఆ మాట కామయ్య విన్నాడు. తన చేతి మీదుగా ఇన్నేళ్ళు పసుపు రాసిన ఒంటి మీద ఉలి దెబ్బ పడబోతోంది. అట్లాగని వచ్చినవాడు దొంగ కాదు. ఏం చెయ్యాలో తెలియక రాజమోహన్‌ను ఇంటికి పిలిచి అరుగు మీద కూర్చోబెట్టాడు.

"ఎందుకు బాబూ మా అమ్మతో పని?"

"ఆ రాతిలో లిథియం అనే లోహం ఉందేమో చూడాలండి. సూర్యుడిలో మండే మంట లాంటిది కుంపట్లో పెట్టాలని పెద్ద పెద్ద దేశాల్లో పాటుపడుతున్నారు. దానికి రెండు రకాల హైడ్రోజన్ వాయువు కావాలి. ఒకటి సముద్రం నీళ్ళలో ఉంది. రెండోదాన్ని ట్రిటియం అంటారు. అది తవ్వితే దొరికేది కాదు. దాచుకుందామన్నా పన్నెండేళ్ళకు సగం హరించిపోతుంది."

"మరి ఎట్లా?"

"ఆ కుంపటి చుట్టూ లిథియం పేరుస్తారు. మంటలోంచి చిమ్మే రవ్వలు తగిలితే అందులోనే ట్రిటియం పుడుతుంది. దాన్ని బయటికి తీసి మళ్ళీ మంటకే వెయ్యాలి."

వాకిట్లో బియ్యం ఏరుతున్న కామయ్య భార్య పిచ్చమ్మ తల ఎత్తింది. "తోడు మాదిరి అనుకో. ఈ పూట పెరుగులో చెంచాడు మిగిల్తేనే రేపు పెరుగు."

రాజమోహన్ నవ్వాడు. "అంతేనమ్మా. కానీ మంట తిన్నదానికంటే కాస్త ఎక్కువే పుట్టాలి. ఎందుకంటే తీసేటప్పుడు పోతుంది. ఆ వాయువు కాగిన ఇనుములోంచి కూడా జారిపోతుంది."

"మొదటి తోడు ఎవరిస్తారు?" అని కామయ్య అడిగాడు.

"ఇప్పుడున్న అణు కొలుముల్లో కొంచెం పుట్టించవచ్చు. అదే అరువు."

"ఇదంతా ఎవరైనా చేసి చూపించినారా?"

"ఇంకా లేదండి. ఇరవై ఏళ్ళలో అవుతుందని పేపర్లో రాశారు."

"కానిదానికి అమ్మకు గాయం చెయ్యమంటావు," అంది పిచ్చమ్మ. కోపంగా కాదు, మామూలుగానే అంది.

మంటే తన మేతను తాను కనడం, కన్నదాన్ని చేజార్చకుండా ఏరుకోవడం కామయ్యకు నచ్చింది. అబద్ధం అనిపించలేదు. అయినా పిడికెడు రాయికి మనసొప్పలేదు.

శుక్రవారం పొద్దున వడ్డె మస్తానయ్య ఉలి, సమ్మెట తెచ్చుకొని తోపులో ఒక పక్కగా కూర్చున్నాడు. "కామయ్య సరే అంటేనే నేను చెయ్యి వేసేది అయ్యా," అని మాలకొండయ్యకు ముందే చెప్పేశాడు. "రేపు నా పిల్లకు జరమొస్తే మీరొస్తారా?"

"ఓరి నీ భయం పాడుగాను," అన్నాడు మాలకొండయ్య.

కామయ్య యథాప్రకారం అమ్మకు నీళ్ళు పోశాడు. ఆ నీళ్ళు రాయి ముందున్న చిన్న తొట్టిలోకి జారాయి. అప్పుడు తట్టింది అతనికి. నీళ్ళు పోసినప్పుడల్లా అమ్మ ఒంటి నుంచి సన్నటి రేకులు రాలుతాయి. వాటిని ఎవరూ తొక్కకూడదని అతని తండ్రి తొట్టి మడ్డిని తీసి మామిడి మొదట్లో పోసేవాడు. అతనూ అదే చేస్తున్నాడు.

కండువా పరిచి మడ్డిని వడగట్టాడు. అరచేతి నిండా వంగపువ్వు రంగు రేకులు మిగిలాయి.

"ఇవి చాలవా బాబూ? అమ్మ తనంతట తాను ఇచ్చినవి."

రాజమోహన్ సందేహిస్తూనే స్పిరిట్ దీపం వెలిగించాడు. "లిథియం ఉంటే మంట ఎర్రబడుతుంది," అంటూ ఒక రేకును పట్టుకారుతో మంటలో పెట్టి గొట్టంతో ఊదాడు. మంట పచ్చగా లేచింది, పసుపు పచ్చగా.

"పసుపు అంటుకొని ఉండాది. కడుగుతాను," అన్నాడు కామయ్య. తోపు బావి నీళ్ళు తోడి, పసుపు పోయేదాకా కడిగాడు. మళ్ళీ అదే పచ్చమంట.

"అయిపోయిందిగా," అన్నాడు మాలకొండయ్య. "మస్తానయ్యా, లెయ్."

మస్తానయ్య లేచాడు కానీ కదల్లేదు, కామయ్య వైపు చూశాడు.

"ఆగండి," అన్నాడు రాజమోహన్. బావి నీళ్ళు వేలితో నాలుక మీద వేసుకొని ఉమ్మేశాడు. "ఇవి ఉప్పునీళ్ళు! ఉప్పు ఉంటే మంట పచ్చగానే వస్తుంది, ఎరుపు ఉన్నా కనబడదు. మంచినీళ్ళు ఉన్నాయా?"

ఉన్నవి పిచ్చమ్మ బిందెలోనే. అమ్మకు పొంగలి పెట్టడానికి కోసెడు దూరం నుంచి మోసుకొచ్చినవి. ఆమె బిందె వైపూ రాయి వైపూ చూసి, "పొంగలి ఆలస్యమైతే అమ్మేమీ అనుకోదులే," అని తానే చెంబుతో ముంచి ఇచ్చింది.

ఈసారి మంట అంచు ముందు పచ్చగా రెపరెపలాడి, తర్వాత కుంకుమ ఎరుపులోకి తిరిగింది.

రాజమోహన్ ఇంకో రేకు పెట్టి చూశాడు. అదీ ఎరుపే.

"నాకు ఇవి చాలండి," అన్నాడు మిగిలిన రేకులు పొట్లం కడుతూ. "రాయిని ముట్టక్కర్లేదు."

మస్తానయ్య ఉలిని గోనెలో చుట్టాడు. మాలకొండయ్య కాసేపు ఆ దీపాన్నే చూసి, "మరి రోడ్డు?" అన్నాడు.

"అది నా చేతిలో లేదండి."

"ఇంత ఎర్రమంట చూపించి, రోడ్డు చేతిలో లేదంటాడు చూడరా మస్తానయ్యా!"

సాయంత్రం రాజమోహన్ ఆత్మకూరు బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఆ ఎరుపు అమ్మదా, రాతిదా అని కామయ్య చాలా రోజులు ఆలోచించాడు. రెండూ ఒకటే అనుకుంటే సరిపోతుంది కదా అని ఒకసారి, అట్లా అనుకోవడం సోమరితనమేమో అని ఒకసారి. తేలలేదు.

ఆ మరుసటి శుక్రవారం తొట్టి మడ్డిని మామిడి మొదట్లో పోయబోయి ఆగాడు. మంచినీళ్ళతో కడిగి, రేకులను కొబ్బరిచిప్పలో పోసి పైన ఆకు కప్పాడు.

"ఎవరికది?" అంది పిచ్చమ్మ.

"ఎవరన్నా వచ్చి అడిగితే," అన్నాడు కామయ్య. "ఇవి ఉన్నాయని తెలిస్తే ఉలి తెచ్చుకోకుండా వస్తారు."