మేజోడులో దువ్వెన

…ఆ దువ్వెన మాత్రం మరిచిపోడు, అవ్వకు బీపీ గోలీలు తెమ్మంటే మరిచిపోతాడు, గ్యాసు బండ వస్తే దించుకోవడం మరిచిపోతాడు, దువ్వెనను ఎడమ మేజోడులో దోపుకోకుండా మాత్రం గడప దాటడు, మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె, అనుకున్నాడు బాలేష్, షామియానా గుంజకు ఆనుకుని, స్టేజీ మీద కూర్చున్న అన్న ఐలేష్‌ను చూస్తూ, ఊదారంగు కోటు, లోపల మెరిసే పసుపు అంగీ, ఒక కాలికి ఎర్ర బూటు, ఇంకో కాలికి పచ్చ బూటు, నడినెత్తి పలచబడుతున్నా ముందు జుట్టుకు నారింజ రంగు, ఇది ముఖ్య అతిథి వేషమట, కొంగరకలాన్ తొవ్వలో వెంచర్ వేసిన మహిధర్ ప్లాట్లు అమ్ముకోవడానికి నడిమధ్యలో ఇంత ప్లాస్టిక్ గడ్డి పరిచి దాన్ని ఫుట్‌బాల్ టర్ఫ్ అంటున్నాడు, నిన్నమొన్నటిదాకా జొన్న పండిన చేను అది, దాని మీద మొదటి బంతి తన్నడానికి ఇబ్రహీంపట్నం నుంచి పాత పులిని పిలిపించాడు, మైకు పట్టుకున్న భాగ్యశ్రీ అనే ఆ పిల్లకు ఫుట్‌బాల్‌కూ వాలీబాల్‌కూ తేడా తెలుసో లేదో, మన దువ్వెన అన్న, కలకత్తాను ఊపిన అన్న, అంటూ గొంతు చించుకుంటోంది, కుర్చీల్లో కూర్చున్న వాళ్లకు బిర్యానీ పొట్లాలు ఎప్పుడు పంచుతారన్నదే ధ్యాస, అయినా చప్పట్లు కొడుతున్నారు, ఐలేష్ లేచి గుండెల మీద చేయి పెట్టుకుని నలుదిక్కులా వంగి దండం పెడుతున్నాడు, సిగ్గులేని మనిషి, ఒకప్పుడు గోలు కొట్టగానే ఓడిన గోల్‌కీపర్ ముందు గొంతుక్కూర్చుని మేజోడులోంచి దువ్వెన తీసి జుట్టు దువ్వుకునేవాడు, రిఫరీ పసుపు కార్డు చూపించేవాడు, జనం గ్యాలరీల్లోంచి దువ్వెనలు విసిరేవాళ్లు, అవన్నీ ఏరుకుని సంచిలో ఇంటికి తెచ్చాడు, ఊళ్లో పంచిపెట్టాడు, ఇప్పటికీ బాలేష్ ఇంట్లో ఏ గూట్లో చేయి పెట్టినా ఒక కలకత్తా దువ్వెన తగులుతుంది.

వచ్చింది దేంట్లో, చేపల ట్రాలీలో, పొద్దున మహేశ్వరం అంగడిలో రవ్వలూ బొచ్చెలూ అమ్మి కడిగి ఆరబెట్టిన బండిలో తమ్ముడి పక్కన కూర్చుని వచ్చి, షామియానా కనిపించగానే తమ్మీ జర ఈడనే ఆపు, నీసు వాసన బండిల దిగితే మంచిగుండది అన్నాడు, ఆ నీసు డబ్బుతోనే కుట్టించిన కోటు వేసుకుని అన్నాడా మాట, కోటు మీద సెంటు కొట్టుకున్నాడు, అద్దంలో చూసుకున్నాడు, ప్యాంటు మోకాలి దగ్గర ఉబ్బెత్తుగా కనబడుతోందని వంగి కింద నుంచి చేయి పెట్టి మోకాలి పట్టీని లాగేసి సీటు మీద పడేశాడు, బంతి తన్నేముందట ఏస్కుంట అన్నాడు, ఆ పట్టీ లేకుండా ఎడమ కాలు మీద బరువు మోపొద్దని, ఇంకొక్కసారి మోకాలు తిరిగితే ఇక మామూలు నడక కూడా ఉండదని దవాఖానలో ఎముకల డాక్టర్ అవ్వ ముందరే చెప్పాడు, అవ్వ ఏడ్చింది, ఈయన మాత్రం నర్సు పక్కన నిలబడి దువ్వెన తీసి ఫోటో దిగాడు, ఇప్పుడు సీటు మీద పట్టీని మరిచి కుంటుతూ, ఆ కుంటును కూడా ఒక షోకు నడకలా మార్చుకుని, జనంలోకి పోయాడు, బాలేష్ ఆ పట్టీని తీసి తన భుజం సంచిలో వేసుకున్నాడు, ఇద్దామనే వేసుకున్నాడు.

అసలు ఆ మోకాలును ఎవరు పాడుచేశారు, అడిగితే అన్న ఒక్కో సభలో ఒక్కో కథ చెబుతాడు, గోవా ఆటగాడు కావాలని తన్నాడంటాడు, నజరు తగిలిందంటాడు, ఎవడూ తన్నలేదు, గోలు కొట్టి గాల్లోకి ఎగిరి దిగుతుంటే మోకాలు లోపలికి తిరిగింది, అంతే, కలకత్తా క్లబ్బు వాళ్లు ఆపరేషన్ చేయిస్తామన్నారు, ఈయన అవ్వను చూసొస్తానని ఇంటికొచ్చి మంచం మీద కాళ్లు చాపుకుని, కత్తి పెడితే మచ్చ పడ్తది తమ్మీ, మచ్చ కాలుతోని నిక్కరేస్కొని ఫోటోలెట్ల దిగాలె అన్నాడు, మచ్చ, మచ్చ కోసం, కందుకూరు అవతల బొక్కలు కట్టే మల్లేశయ్య దగ్గరికి తీసుకుపొమ్మన్నాడు, ఊళ్లో ఎవరి చేయి విరిగినా కాలు విరిగినా అక్కడికే పోతారు, కోడిగుడ్డు సొన, ఏదో ఆకు పసరు, వెదురు బద్దలు, బొక్క జరిగింది బిడ్డా, కట్టు ఇప్పేనాడు లేచి ఉరుకుతవ్ అన్నాడు మల్లేశయ్య, కలకత్తా ఆటగాడు తన చాపకే వచ్చాడని పైసలు కూడా ముట్టలేదు, ఈయనేమో ఆ వెదురు బద్దల మీద రంగు రంగుల సంతకాలు చేసి ఊరంతా చూపించుకున్నాడు, కట్టు విప్పాక కాలు ఎండిన కట్టెలా ఉంది, మోకాలు తలుపు కీలు ఊడినట్టు ఎటు పడితే అటు పోయింది, క్లబ్బు ఇంకొకడిని తీసుకుంది, పైన పటారం లోన లొటారం, కథ అక్కడితో ఖతం, క్లబ్బు డాక్టర్ కందుకూరు పోకముందే బాలేష్‌కు ఫోన్ చేసి చెప్పాడు, బొక్క విరగలేదు, లోపల కీలును పట్టి ఉంచే పట్టు తెగింది, కట్టు కడితే అతకదు, ఆలస్యం చేయొద్దు అని, చెబితే మాత్రం వింటాడా ఈ నవాబు, అందుకే చెప్పలేదు, అన్నను ఎక్కించుకుని మల్లేశయ్య దగ్గరికే ట్రాలీ తోలుకుంటూ పోయాడు, అంతే.

అప్పటినుంచీ ఈ శని నెత్తి మీదే, బాలేష్ చెరువులో వల వేయాలి, బాలేష్ చేపల సంఘం మీటింగుకు పోవాలి, బాలేష్ పెళ్లాం నర్మద చేపల పులుసు వండితే తలకాయ మాత్రం అన్న పళ్లెంలోనే పడాలి, వాడు ఆడిన మనిషిరా, పానం గుంజుతది అంటుంది అవ్వ, బాలేష్ ఆడలేదా, చెరువు ఎండిన ఏడాది నెర్రెల మీద ఇద్దరూ కలిసే ఆడారు, బడిలో డ్రిల్లు నేర్పిన లింగం సార్ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి, తన్నే కాలును అందరు సూస్తర్రా, నిలవడ్డ కాలే గోలు కొడ్తది అనేవాడు, ఆ మాట బాలేష్ గుండెలో పచ్చబొట్టులా ఉండిపోయింది, ఈ ఇంట్లో అన్న తన్నే కాలు, నేను నిలబడ్డ కాలు, లోకం వాడిని చూస్తుంది, బరువు మోసేది నేను, ఈ మాట వల ఏరుకుంటూ అనుకున్నాడు, ఐసు పగలగొడుతూ అనుకున్నాడు, ఈ మాట లేకుంటే ఎప్పుడో కుప్పకూలేవాడు, ఇదిగో ఇప్పుడు కూడా, రంగు బూట్లతో మెట్లు దిగి వస్తున్న ఆ బొమ్మను చూస్తూ అదే అనుకుంటున్నాడు, ఒక్కసారి, ఒక్కసారి ఈ జనం ముందు వీడి బండారం బయటపడాలి, వీడి కాలు ఎంత పుచ్చిందో ఈ చప్పట్ల గాళ్లందరూ చూడాలి.

ఐలేష్ నేరుగా గుంజ దగ్గరికే వచ్చాడు, దగ్గర్నుంచి చూస్తే సెంటు కింద చెమట వాసన, పెదవి మీద వణుకు, నవ్వును మాత్రం జనం వైపే ఉంచి, మెల్లగా, తమ్మీ, పట్టీ నీ తాననే ఉన్నదా, కాలుతోని జర బయమైతుంది అన్నాడు, సంచి బాలేష్ భుజానికే ఉంది, పట్టీ అంచు మోచేతికి తగులుతోంది, లేదన్నా, బండిలనే మర్శినట్టున్నవ్ అన్నాడు బాలేష్, ఎంత సాఫీగా వచ్చిందా మాట, చేపల మీద నీళ్లు చల్లినంత సాఫీగా, ఐలేష్ ఒక్క క్షణం చూశాడు, సంచి వైపు కాదు, తమ్ముడి ముఖంలోకి, పోనీ తియ్, నువ్వున్నవ్ గద అన్నాడు, భుజం తట్టి పోయాడు, భాగ్యశ్రీ అంకెలు లెక్కపెడుతోంది, మహిధర్ ఫోను ఎత్తి పట్టుకున్నాడు, ఐలేష్ వేలు తడి చేసుకుని గాలికి చూపించాడు, జనం ఈల వేశారు, అందరి కళ్లూ కుడికాలి ఎర్ర బూటు మీదే, బాలేష్ ఒక్కడే ఎడమకాలి పచ్చ బూటును చూస్తున్నాడు, అది గడ్డిలో దిగబడింది, బరువంతా దాని మీదికి వచ్చింది, మోకాలు లోపలికి, మెల్లగా, తలుపులా తిరిగింది, బంతి పోయి వలలో పడింది, గోలు, ఐలేష్ కిందపడ్డాడు.

అందరూ కుర్చీల్లోంచి ఒక్కసారిగా లేచారు, ఇదే కదా కావాలన్నది, బాలేష్ గుంజను వదలలేదు, ఐలేష్ వెల్లకిలా పడి ఉన్నాడు, ముఖంలో నెత్తురు చుక్క లేదు, చేయి మాత్రం పాక్కుంటూ పాక్కుంటూ మేజోడు దాకా పోయింది, దువ్వెన తీసింది, పడుకునే జుట్టు దువ్వుకున్నాడు, ఒకసారి, రెండోసారి, జనం పగలబడి నవ్వారు, ఈలలు, చప్పట్లు, పడ్డది కూడా ఆటలో భాగమే అనుకున్నారు, మహిధర్ సూపర్ అన్నా అంటున్నాడు, ఎడమకాలి పచ్చ బూటు పక్కకు తిరిగిపోయి ఉండడం ఒక్క బాలేష్‌కే కనబడింది, ఆ కళ్లు జనాన్ని చూడడం లేదు, గుంజ వైపే చూస్తున్నాయి, కోపంగా కాదు, తమ్ముడు వస్తున్నాడు కదా అన్నట్టు, ఆ ధీమా చూసి బాలేష్‌ చేయి సంచిలోకి పోయింది, ఇన్నేళ్లూ ఈసడించుకున్నది ఆ దువ్వెనను కాదు, ఆ కోటును కాదు, అన్ననే, అన్న పడాలని ఆ కట్టు కట్టించిన నాడే కోరుకున్నాడు, ఆ రోజు ట్రాలీ తోలుతూ నోరు మూసుకున్నది అందుకే, ఈ రోజు నోరు తెరిచి అబద్ధమాడింది అందుకే, ఈ మైదానంలో ముఖాన ఉమ్మేయాల్సిన మనిషి ఎవడైనా ఉంటే వాడు ఈ గుంజకు ఆనుకుని నిలబడ్డాడు, సంచిలో పట్టీ పట్టుకుని నడిచాడు బాలేష్, ఆ నవ్వుల మధ్య నుంచి, ఇంట్లో నిలబడ్డ కాలు తనేనని ఇన్నాళ్లూ అనుకున్నాడు, రెండుసార్లూ మడతపడింది ఆ కాలే.