అజ్మాన్ ఆఫీసులో రాయబారం

లావెర్న్ గారు పక్షవాతంతో మంచాన పడి, దుబాయ్‌లో కూతురు క్లేర్ ఇంటికి చేరాక ఆయనకు నర్సుగా మరియకుమారి వచ్చింది. తనది యానాం అని చెప్పగానే ముసలాయన వంకరపోయిన మూతితోనే "బావున్నారా?" అని తెలుగులో పలకరించాడు. కుర్రతనంలో పుదుచ్చేరి ఫ్రెంచి కాన్సులేటులో చిన్న ఉద్యోగంతో మొదలుపెట్టినవాడు. ఆ తర్వాత చాలా దేశాల్లో రాయబారి, కొన్నాళ్ళు పారిస్‌లో మంత్రి.

కాళ్ళకు నూనె రాస్తుంటే వచ్చీరాని మాటలతో పాత సంగతులు చెప్పేవాడు. ఎక్కడో తిరుగుబాటుదారులు పట్టుకెళ్ళిన డాక్టర్ల కోసం వాళ్ళ గుడారానికే వెళ్ళి కూర్చున్నాడట.

"ఏం మాట్లాడారండీ వాళ్ళతో?"

"వాళ్ళ గొర్రెల గురించి" అని నవ్వాడు. డాక్టర్లు మాత్రం క్షేమంగా ఇళ్ళకు చేరారు.

రెండువేల ఇరవై రెండు వేసవిలో మరియకుమారి తల్లికి గుండె ఆపరేషన్ చెయ్యాలన్నారు. నర్సుల్ని పంపే కంపెనీ సెలవివ్వనంది. క్లేర్ ఫోన్‌లో గట్టిగా దులిపేసరికి అక్కడి ముదీర్, అంటే మేనేజరు, ఇంకా బిగుసుకుపోయి, "కాంట్రాక్ట్ అయ్యేదాకా నో లీవ్, ఖలాస్" అని పెట్టేశాడు.

మర్నాడు పెద్దాయన చక్రాల కుర్చీ తెమ్మన్నాడు. అజ్మాన్‌లో ఆ ఆఫీసుకు వెళ్ళి, ముదీర్ తెప్పించిన చాయ్ తాగుతూ, నత్తి నత్తిగా అరబ్బీలో మాట్లాడుతూ కూర్చున్నాడు. తన పదవుల ఊసెత్తలేదు. గొంతూ పెంచలేదు. అర్థంకాక మరియకుమారి ఇద్దరి ముఖాలూ చూస్తూ నిలబడింది. మొదట గడియారం వంక చూసిన ముదీర్ కాసేపటికి నవ్వాడు. ఆ తర్వాత ఏదో గోడు వెళ్ళబోసుకున్నాడు. చివరికి, "యల్లా సిస్టర్, టికెట్ చూస్కో. మీ అమ్మకు సలాం చెప్పు" అన్నాడు.

కారెక్కాక ఆమె ఉండబట్టలేక అడిగింది. "ఏం చెప్పారండీ?"

"నువ్వు వెళితే మేం వేరే కంపెనీకి పోతామని పాపం అతని భయం. పోమని మాటిచ్చాను. నీ బదులు ఎవర్ని పంపినా సరేనన్నాను."

కొత్తవాళ్ళ చేత స్నానం చేయించుకోవడమంటే ఆయనకు ప్రాణం పోయినంత పని. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆయన చెయ్యి పట్టుకుంది.

ఆపరేషన్ బాగా జరిగింది. తల్లి లేచి తిరగడం చూశాకే మరియకుమారి మళ్ళీ విమానం ఎక్కింది. ఇక్కడ ఆమె బదులు వచ్చినవాడు పెద్దాయన మీసాన్ని ఒకవైపు ఎక్కువ కత్తిరించేశాడు. అయినా ఆమెను చూడగానే ఆయన మొదట అడిగింది "అమ్మ?" అనే.

ఆ వారం తెలుగు ప్రార్థన కూటంలో పాస్టర్ గారు ఆమెను సాక్ష్యం చెప్పమన్నారు. పెద్దాయన చేసిన గొప్ప ఉద్యోగాలన్నీ వరసగా చెప్పాలనుకుని లేచింది. తీరా లేచాక అవేవీ గుర్తు రాలేదు.

"మా అమ్మ బతికుందండి. లావెర్న్ గారని, ఒక పెద్దాయన... ఆయన కోసం ప్రార్థన చెయ్యండి. వందనాలు" అని కూర్చుంది.