వేరే రంగు దారం

ఏ మిస్టరీ సీరీస్ చూసినా చివర్లో చిట్టి పెదవి విరిచేది. "పది భాగాలు ఊరించి ఊరించి ఆఖరికి ఉసూరుమనిపించారు. మా చిన్నప్పటి సీరియల్ ముగింపు చూస్తే తెలిసేది మీకు!" అనేది. నలభై దాటినా ఆమెది అదే పాట. విని విని విసుగెత్తిన కూతురు ఎక్కడెక్కడో వెతికి, ఆ పాత సీరియల్‌ని పట్టుకొచ్చింది.

నిజానికి ఆ ఆఖరి భాగం చిట్టి చూడనే లేదు. ఆ రోజు ఒళ్ళు కాలిపోయే జ్వరం. తెల్లారాక నాన్న మంచం పక్కన కూర్చుని కథంతా చెప్పాడు. నాన్న దర్జీ. వారం మొత్తంలో ఆయన కుట్టుమిషన్ ఆ సీరియల్ కోసమే ఆగేది. తోటమాలి కోటుకి ఒక్క గుండీ మాత్రం వేరే రంగు దారంతో కుట్టి ఉందనీ, ఊడిపోయిన అసలు గుండీ చనిపోయిన షావుకారు గుప్పిట్లో దొరికిందనీ ఆయన చెబుతుంటే, ఆమె జ్వరం సంగతే మరిచిపోయింది. అంత హాయైన ఉదయం ఆమెకి మళ్ళీ రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం తాతా మనవరాలూ చెరోపక్కా, చిట్టి మధ్యనా కూర్చున్నారు. ఆమె ఇన్నేళ్ళుగా చెప్పుకున్న గొప్పల సంగతి ఇవాళ తేలిపోతుంది.

ఆఖరి భాగం అయిపోవస్తున్నా తోటమాలి మొక్కలకి నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. ఇంతలో ముక్కూమొహం తెలియని వాడెవడో పరుగెత్తుకొచ్చి, "నేనే చంపాను" అన్నాడు. అంతే, పేర్లు పడ్డాయి.

"ఇదేనా అమ్మా నీ ముగింపు?" కూతురు పడీపడీ నవ్వింది.

చిట్టికి తల కొట్టేసినట్టయింది. గుండీ ఏదీ? ఆ దారం ఏదీ?

నాన్న మాత్రం ఇంతెత్తున లేచాడు. "మార్చేశారు! ఇది కాదసలు. గుండీ ముక్కంతా లేపేశారు, దొంగ వెధవలు!"

ఆయన మొహంలో నటన ఏమీ లేదు. నిజంగానే మండిపడుతున్నాడు. చిట్టికి అప్పుడర్థమైంది. గుండీ ఏ దారంతో కుట్టారో పట్టించుకునేది దర్జీ తప్ప ఇంకెవరు? జ్వరంతో పడుకున్న పిల్లని ఉసూరుమనిపించలేక అల్లిన కథ అది. తర్వాత్తర్వాత ఆయనే దాన్ని నమ్మేశాడు. ఆమెకి కళ్ళు చెమర్చాయి.

"నిజంగా మార్చారా అమ్మా?"

"అవునే, మార్చేశారు," అంది చిట్టి టీవీ కట్టేస్తూ. "అసలుది తాతయ్య చెబుతాడు, విను. నాన్నా, ఆ గుండీ దగ్గర్నుంచి మొదలుపెట్టు."

ఆయన గొంతు సవరించుకున్నాడు. చిట్టి కాళ్ళు ముడుచుకుని, కూతురికంటే ముందే ఆయన పక్కన ఒదిగిపోయింది.