ఇంజన్‌కు పోసిన కల్లు

ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఆరో ఇంజెక్టర్‌ను కూడా విప్పి చూశాక ఓక్సిమ్ ముఖం పక్కకు తిప్పుకుంది.

పదహారేళ్లుగా ఆమె కొరియాలోని తోంగ్‌యోంగ్ రేవులో పడవల ఇంజన్లు విప్పుతోంది. మసి, తారు, కుళ్లిన చేపల నూనె, ఒకసారి గొట్టంలో ఇరుక్కుని చచ్చిన ఎలుక, అన్నీ చూసింది. కానీ ఇలాంటిది చూడలేదు. డీజిల్ లోపలికి వచ్చే రంధ్రం నిండా బూడిదరంగు జిగురు. సన్న తీగతో గుచ్చి లాగితే జలుబు చేసిన పిల్లాడి చీమిడిలా సాగింది. పైగా పుల్లటి వాసన. డీజిల్ కంపు ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఇది అది కాదు.

"ఏమైంది, చూశావా?" ఇంజన్ గది పైనుంచి కెప్టెన్ ప్యో తొంగి చూశాడు. "నే చెప్పలా? ముసలాయన కునికిపాట్లు పడుతున్నాడు. ఇంజన్ పట్టించుకోవట్లా!"

ముసలాయన అంటే ఇంజన్ చూసుకునే తాక్. ముప్పై ఏళ్లుగా ఈ పడవలోనే ఉన్నాడు. ఓక్సిమ్‌కు నట్టు బిగించడం నేర్పింది ఆయనే. ఇప్పుడు ఒక మూల డబ్బా మీద కూర్చుని, గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. చేతులు అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

"సమ్‌చొన్‌పో రేవు నుంచి కొత్తవాణ్ణి రమ్మన్నా. రేపు పొద్దున వస్తాడు. తప్పు ఈయనదేనని నువ్వు అందరి ముందూ ఒక్క మాట చెప్పు చాలు. ఊరికే తీసేశానని రేవులో నన్ను ఆడిపోసుకోకూడదు" అన్నాడు ప్యో.

"ముందు చూడనివ్వండి కెప్టెన్ గారూ."

ఓక్సిమ్ ఒక ఇంజెక్టర్‌ను చేతిపంపుకు బిగించి కొట్టింది. మంచి ఇంజెక్టర్ అయితే డీజిల్‌ను పొగమంచులా చిమ్మాలి. ఇది ముసలి కుక్క గోడవార పోసినట్టు తెగి తెగి కారింది. రెండోదీ అంతే. మూడోదాంట్లో సూది తుప్పు పట్టి కదలనే లేదు. వాటిని డీజిల్‌లో నానబెట్టి, ఇత్తడి బ్రష్‌తో రుద్దింది. రుద్దినకొద్దీ వాసన పైకి లేచింది. ఆమె ముక్కుకు గుడ్డ కట్టుకుంది.

"ఏంటక్కా, పెళ్లికూతురులా ముసుగేసుకున్నావ్?" వలలు సర్దే చిల్‌బోక్ మెట్ల మీద నుంచి నవ్వాడు.

"కిందకి రా. నీకూ కడతా."

"అమ్మో! ఇప్పుడే అన్నం తిన్నా."

డీజిల్ వడపోసే గిన్నెను విప్పేసరికి సంగతి తేలిపోయింది. దాని అడుగున పాచిపోయిన గంజిలా చిక్కటి తెల్లటి మడ్డి. దాని మీద నల్లటి పొర. ఓక్సిమ్ దాన్నంతా ఒక స్టీలు గిన్నెలోకి వంపింది. బియ్యపు కల్లు. ఎవరు కాదన్నా అది బియ్యపు కల్లే.

"ట్యాంకులో కల్లు పోసిందెవరు?"

తాక్ తల దించుకున్నాడు. చిల్‌బోక్ నవ్వడం మానేశాడు. పైన మరో ముగ్గురు పనివాళ్లు వచ్చి నిలబడ్డారు.

"అయిదు నెలల కింద, పడవకి పూజ చేసిననాడు నేనే పోశా" అన్నాడు ప్యో, గొంతులో ఏ జంకూ లేకుండా. "దేవుడికి పంది తల పెట్టాం, దణ్ణాలు పెట్టాం. మా నాన్న ఎప్పుడూ ఇంజన్ మూత మీద నాలుగు చుక్కలు చల్లేవాడు. పనిచేసేది లోపల కదా, మూతకి పోస్తే ఏం లాభం? అందుకని ఒక కెటిల్ నిండా ట్యాంకులో పోశా. మిగిలింది అందరం తలా గుక్క తాగాం. తప్పేముంది?"

"దాంతోనే పాడయిందండీ ఇంజన్."

"ఏయ్! దేవుడికి పెట్టిందాంతో చెడు జరిగిందంటావా? అపశకునం మాట అది, ఉమ్మెయ్ ముందు!"

"తప్పు నాదే బాబూ" అన్నాడు తాక్ మెల్లగా. "నేను చూసుకోవాల్సింది."

అది విన్నాక ఓక్సిమ్‌కు మడ్డిని చూసినప్పటికన్నా ఎక్కువ వెలపరం పుట్టింది. ముప్పై ఏళ్లు ఈ ఇంజన్ చూసుకున్న మనిషి, తన కళ్లముందు పెరిగిన ప్యో ముందు అలా ముడుచుకుపోవడం ఆమె చూడలేకపోయింది. ఆమె గిన్నె పట్టుకుని మెట్లెక్కి, ప్యో ఎదుట నిలబడింది.

"పూజలో పెట్టింది వద్దనకూడదు కదా కెప్టెన్ గారూ. ఇదిగో, ఇంజన్ తాగగా మిగిలింది. మొదటి గుక్క మీదే."

పనివాళ్లందరూ గిన్నెనే చూస్తున్నారు. వద్దంటే దేవుడి వాటా వద్దన్నట్టే. ప్యో గిన్నె అందుకున్నాడు. ముక్కు దాకా తెచ్చాడు. మరుక్షణం గిన్నె ఓక్సిమ్ చేతిలో పెట్టి, పడవ అంచు పట్టుకుని భళ్లున కక్కాడు.

"చేపలకి మేత పడింది" అని గొణిగాడు చిల్‌బోక్.

ప్యో మూతి తుడుచుకుని, ఎవరి వంకా చూడకుండా కింద ఉన్న తాక్‌ను అడిగాడు.

"బాబాయ్, ట్యాంకు కడగడానికి ఎన్నాళ్లు పడుతుంది?"

"రెండ్రోజులు బాబూ."

"కానియ్. ఆ సమ్‌చొన్‌పో వాణ్ణి రావొద్దని చెప్తాలే."

ఓక్సిమ్ కిందికి దిగి వచ్చింది. తాక్ సంతోషిస్తాడనుకుంది. ఆయన ముఖం గంటు పెట్టుకుని ఉన్నాడు.

"అందరి ముందూ వాడి పరువు తీశావు. వాళ్ల నాన్న ఉంటే నన్ను ఏమనేవాడు?"

"నీ పని పోకుండా చూశాను కదా బాబాయ్! సరే, అది వదిలెయ్. ఈ వడపోత గిన్నెలో నీళ్లు చేరితే రోజూ పొద్దున వంచెయ్యమని నాకు నేర్పింది నువ్వే. అయిదు నెలలుగా నీకు కనబడలేదా?"

తాక్ గుడ్డతో మళ్లీ చేతులు తుడుచుకున్నాడు.

"కనబడింది. పూజ అయిన మర్నాడే చూశా. దేవుడికి పెట్టింది కదమ్మా. మురికినూనెతో కలిపి ఎలా పారబోస్తా? కొంచెం కొంచెంగా ఇంజనే తాగేస్తుందిలే అనుకుని వదిలేశా. ఒక్కరోజు కూడా వంచలా."

ఓక్సిమ్ తన చేతిలోని గిన్నె వంక చూసింది. అయితే ప్యో చెప్పింది నిజమే. ముసలాయన చూసుకోలేదు. చూసి మరీ చూసుకోలేదు. తను పైకెక్కి అంత గొడవ చేసింది ఈ మనిషి కోసమా? కెప్టెన్ మీద, తాక్ మీద, తన మీద ఒకేసారి అసహ్యం వేసింది.

"ఇదిగో గిన్నె. నీ చేత్తో ఆ మురికినూనె పీపాలో పొయ్యి. రేపట్నుంచి వడపోత గిన్నెలో చేరింది కూడా రోజూ పొయ్యాలి. లేదంటే ఇప్పుడే పైకెళ్లి ఈ మాట చెప్పేస్తా."

"అంత మాటెందుకమ్మా."

"పొయ్యి బాబాయ్."

తాక్ లేచాడు. గిన్నెను రెండు చేతులా పట్టుకుని, పీపా ముందు నడుం వంచి దణ్ణం పెట్టాడు. తర్వాత కళ్లు మూసుకుని వంపాడు. మడ్డి ముద్దలు ముద్దలుగా జారింది. చివరి జిగురు తీగ గిన్నె అంచున వేలాడింది. దాన్ని ఆయన వేలితో తుడిచాడు. ఆ వేలిని పంట్లానికి రాసుకుంటాడనుకుంది ఓక్సిమ్.

ఆయన దాన్ని నాలుకకు రాసుకున్నాడు.