గీకేసిన చేతులు

చేతులు రెండూ పక్కలకు చాపమంది డాక్టరమ్మ. చాపాను. మోచేతుల పైన చర్మం తడిబట్ట ఆరేసినట్టు వేలాడింది. ఆవిడ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, సాగదీసి, వదిలేసి, మళ్ళీ పట్టుకుంది. బట్టల కొట్లో బేరమాడేవాళ్ళు కూడా గుడ్డని అంతసేపు పిసకరు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. అయినా అవసరం నాది కనక పళ్ళ బిగువున ఊరుకున్నాను.

ఇదంతా నేను కోరి తెచ్చుకున్నదే. షుగరు వచ్చిందని తెలిసిన దగ్గర్నుంచి నోరు కట్టేసుకుని, పొద్దున్నా సాయంత్రం నడిచి నడిచి సగం మనిషినయ్యాను. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. నడుం తగ్గింది, మోకాళ్ళ నొప్పులు పోయాయి, గడ్డం కింద మడత కూడా మాయమైంది. చేతులు మాత్రం నా మీద కక్ష కట్టాయి. లోపలి కొవ్వు కరిగిపోయినా తోలు మాత్రం కదలనని కూర్చుంది. బస్సులో పైన కమ్మీ పట్టుకోవాలంటే సిగ్గు. మండే ఎండల్లో కూడా మణికట్టు దాకా చేతులున్న బట్టలే వేసుకుంటున్నాను. ఆ ఉడుకంతా మా ఆయన మీద తీర్చుకుంటున్నాను, పాపం.

"ఇది వ్యాయామంతో పోయేది కాదమ్మా" అంది డాక్టరమ్మ. "చంక నుంచి మోచేతి దాకా లోపలివైపు కోసి, మిగులు చర్మం తీసేసి కుట్టాలి. గీత పడుతుంది. రాన్రానూ రంగు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. కొన్నాళ్ళు బిగుతు పట్టీలు వేసుకోవాలి, బరువులెత్తకూడదు. నిదానంగా ఆలోచించుకోండి. ఈసారి వచ్చేటప్పుడు, మీరు వయసులో ఉన్నప్పటిది, చేతులు కనబడే ఫోటో ఒకటి పట్టుకురండి. మీరేం కోరుకుంటున్నారో నాకు తెలుస్తుంది."

ఫోటోలకేం కొదవ అనుకున్నాను. మాది ఫోటో స్టూడియో.

వీధి మలుపులో, సైకిలు షాపుకీ మందుల షాపుకీ మధ్య ఉంటుంది. కింద స్టూడియో, పైన మా ఇల్లు. మా ఆయన్ని వీధంతా నవ్వు మాస్టారు అంటారు. ఎదుటివాళ్ళని నవ్వమని ప్రాణం తీస్తారు గానీ తను మాత్రం పన్నుల ఆఫీసరులా నిలబడతారు. ఆయన తీసేవారు, నేను టచింగ్ చేసేదాన్ని. ఇప్పుడు అదంతా మా అమ్మాయి కంప్యూటర్ మీద చేస్తోంది. అప్పట్లో అన్నీ నెగటివ్‌లే. కిటికీ దగ్గర నాకొక ఏటవాలు బల్ల ఉండేది. దాని నడుమ పాలరంగు గాజు, కింద అద్దం. కిటికీ వెలుగు ఆ అద్దం మీద పడి గాజులోంచి పైకొచ్చేది. ఆ గాజు మీద నెగటివ్ పెట్టుకుని, సూదిలా చెక్కిన పెన్సిలుతో మొహం మీద మచ్చలు పోగొట్టేదాన్ని. లావు తగ్గించాలంటే మాత్రం బ్లేడు. మా స్టూడియో తెర నల్లది. చేతి అంచుని బ్లేడుతో ఊపిరి బిగబట్టి గీకితే, గీకిన మేరా ప్రింటులో నలుపై తెరలో కలిసిపోయేది. చెయ్యి సన్నబడేది.

ఆ రోజులు తలుచుకుంటే ప్రాణం లేచొస్తుంది. లోపలి చీకటి గదిలోంచి మందునీళ్ళ పుల్లటి వాసన, తడి ప్రింట్లు క్లిప్పులకి ఆరుతూ, బెంచీ మీద జనం, మా అమ్మాయి నా కాళ్ళ దగ్గర ఖాళీ ఫిల్ము డబ్బాలతో ఆడుకుంటూ. "అమ్మగారూ, కాస్త సన్నంగా" అని ఆడవాళ్ళు నా చెవిలో గొణిగేవారు. నేను తలాడించేదాన్ని. ఒక టీచరమ్మయితే తన ప్రింటు తనే చూసుకుని, "ఈ పిల్లెవరో బాగుందండీ, మా తమ్ముడికి అడగమంటారా" అంది. నేను నవ్వాపుకోలేక చీకటి గదిలోకి పారిపోయాను. మా ఆయన మాత్రం ఉలక్కుండా పలక్కుండా రసీదు రాసిచ్చారు.

డాక్టరమ్మ దగ్గర్నుంచి రాగానే అటక మీది పెట్టెలన్నీ దింపించాను. ముగ్గురం హాల్లో కింద కూర్చున్నాం. పెళ్ళయిన కొత్తలోది, స్టూడియో తెరిచిన రోజుది, అమ్మాయిని చంకనేసుకున్నది, నల్లతెర ముందు ఒక్కదాన్నే నిలబడ్డది. ఒక్కొక్కటే చూసుకుంటూ నేను మురిసిపోతున్నాను. మా అమ్మాయి మాత్రం మొహం చిట్లించింది.

"అదేంటమ్మా, మనిషివి నిండుగా ఉన్నావు, చేతులు మాత్రం అగ్గిపుల్లల్లా ఉన్నాయి?"

నేను గబుక్కున దాని చేతిలోది లాక్కుని చూశాను. అది అన్నది నిజమే. తర్వాతది చూశాను, దాని తర్వాతది చూశాను. అన్నిటిలోనూ అవే చేతులు, చంక నుంచి మోచేతి దాకా గీత గీసినట్టు. అవి నా చేతులు కావు. అందరికంటే ముందు నావే గీక్కున్నాను, ఆ సంగతే మర్చిపోయాను. నా పెళ్ళిలో మా మేనత్త ఎవరితోనో "పిల్ల బాగుంది గానీ చేతులు దూలాలే" అనగా విన్నాను. ఆ మాట మనసులో నాటుకుపోయింది. ఆయన నా ఫోటో తీసిన ప్రతిసారీ, నెగటివ్ ఆరీ ఆరకముందే దాన్ని నా బల్ల మీదికి తీసుకుపోయేదాన్ని.

"నెగటివ్‌లు తియ్యండి" అన్నాను. ఆయన లేచి కవర్ల పెట్టె తెచ్చారు. ఒక్కోటీ కిటికీకి ఎత్తి పట్టుకుని చూశాను. గీకిన గీతలు ఎంత నేర్పుగా ఉన్నాయో చూసి, ఎప్పుడూ లేనిది, నా పనితనం మీద నాకే ఒళ్ళు మండింది. నెగటివ్ మీద గీకింది ఇక తిరిగి రాదు. నా అసలు చేతులు ఎక్కడా మిగల్లేదు.

వాటిని గుర్తు తెచ్చుకుందామని చూశాను. నిద్రపోయిన అమ్మాయిని భుజాన వేసుకుని మేడ మెట్లెక్కిన చేతులు. నిండు బకెట్లు చీకటి గదికి మోసిన చేతులు. రెక్కలు ముక్కలు చేసుకున్న రోజులన్నీ గుర్తొచ్చాయి గానీ ఆ చేతులు చూడ్డానికి ఎలా ఉండేవో ఎంతకీ గుర్తు రాలేదు. వాటిని నేనెప్పుడూ సరిగ్గా చూసుకున్నదే లేదు. కూతురి ముందు ఏడవడం నాకు నచ్చదు. అయినా ఏడ్చాను.

"మీరైనా వద్దనలేదేమండీ?" అన్నాను కాసేపటికి.

"అన్నాను" అన్నారాయన. "కొత్తల్లోనే. బాగానే ఉన్నాయి కదా, గీకకే అన్నాను. నీ పని నువ్వు చూసుకో, నా పని నేను చూసుకుంటానని ఒంటికాలి మీద లేచావు. తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నాకెందుకొచ్చిన గొడవలే అనుకున్నాను."

అని ఉంటాను. నేనే కదా.

డాక్టరమ్మ దగ్గరికి ఈసారి ఇద్దరం వెళ్ళాం. ఫోటో తేలేదని, ఎందుకు తేలేదో చెప్పాను. ఆవిడ నవ్వేసింది. నాకు తల కొట్టేసినట్టయింది గానీ, ఆ నవ్వులో ఎగతాళి లేదు.

"పోనీ, ఎలా ఉండేవో నోటితో చెప్పండి."

నేను మా ఆయన వంక చూశాను. అప్పుడు పక్క కుర్చీలోంచి మా ఆయన రెండు చేతులూ గాల్లోకి లేపారు. బొటనవేళ్ళూ చూపుడువేళ్ళూ గుండ్రంగా వంచి, మధ్యలో కాస్త ఎడం వదిలారు.

"ఇంతండీ" అన్నారు. "పట్టుకుంటే వేళ్ళు అందేవి కావు. భుజం దగ్గర నిండుగా ఉండేవి, మోచేతి దగ్గరకొచ్చేసరికి సన్నబడేవి. లోపలివైపు చల్లగా ఉండేవి, ఎండల్లో కూడా."

అలా అంటూ చెవుల దాకా ఎర్రబడ్డారు. నోట్లో నాలుక లేని మనిషి, పరాయి ఆడమనిషి ముందు ఇంత మాట అంటారని నేను కలలో కూడా అనుకోలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన్ని అలా చూస్తూ ఉండిపోవాలని కూడా అనిపించింది.

డాక్టరమ్మ ఆ ఎడం వంకే చూసి, మెల్లిగా అంది. "అవి నేనివ్వలేనండీ. ఉన్నది తీసెయ్యగలను గానీ పోయింది తిరిగి నింపలేను. ఆపరేషన్ చేస్తే చేతులు సన్నంగా, తిన్నగా వస్తాయి. మీరు చెప్పిన ఆ ఫోటోల్లో ఉన్నట్టు వస్తాయి."

బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డాం. నా వయసంతా బ్లేడు పట్టుకుని ఏ చేతుల కోసం వెంపర్లాడానో, ఆ చేతులు ఇప్పుడు నిజంగా ఇస్తామంటున్నారు. గీత పడుతుందన్న భయం నాకు లేదు. నొప్పి అంటే అసలే లేదు, పురుడు పోసుకున్నదాన్ని. పొట్టి చేతుల జాకెట్టు వేసుకుని వీధిలో నడవాలని కోరిక ఉంది, లేదంటే అబద్ధం. కానీ ఉన్నన్నాళ్ళూ తిట్టుకున్న చేతుల కోసం మొన్న కూర్చుని ఏడ్చాను. ఇంకొంత వయసు మీద పడ్డాక, ఇవాళ తిట్టుకుంటున్న ఈ చేతుల కోసం ఏడవనని ఏమిటి నమ్మకం? అప్పుడు చూసుకుందామన్నా మిగలవు.

"ఏమండీ, నాకు ఆపరేషన్ వద్దు" అన్నాను. "ఇంటికెళ్ళగానే నాకో ఫోటో తియ్యండి."

"నీ ఇష్టం" అన్నారాయన. అంతకుమించి మాట్లాడితే మళ్ళీ ఎక్కడ మనసు మార్చుకుంటానో అని కాబోలు, బస్సు వచ్చే వైపే చూస్తూ నిలబడ్డారు.

చేతుల్లేని గౌను ఒకటి అమ్మాయిది అడిగి వేసుకుని స్టూడియోలోకి దిగాను. నల్లతెర ముందు స్టూలు వేసి కూర్చోబెట్టారు. ఆయన కెమెరా పట్టి చాలాకాలమైంది, అయినా చేతులకి అలవాటు పోలేదు. లైటు జరిపారు, చూశారు, మళ్ళీ జరిపారు. నా మొహం మీద వెలుగు పడింది, చేతులు నీడలోకి పోయాయి. లావు మనుషులందరికీ అలాగే పెట్టేవారు.

"దొంగవేషాలొద్దు" అన్నాను. "లైటు చేతుల మీద పడాలి."

ఆయన లైటు తిప్పారు. నేను చేతులు పక్కలకు ఎత్తాను. చర్మం మామూలుగానే వేలాడింది. గడ్డం పైకెత్తమన్నారు, భుజం దించమన్నారు, అలవాటు కొద్దీ నవ్వమన్నారు. నవ్వలేనని చెప్పాను. సరే అలాగే ఉండమని నొక్కారు.

ఆ ఫోటోని అమ్మాయి కంప్యూటర్ తెర మీదికి తెచ్చింది. నేను వెనక నిలబడి చూస్తున్నాను. అది ఏదో ఆలోచిస్తూ మౌసు పట్టుకుని చేతి అంచు దగ్గర పెట్టి లోపలికి నెట్టింది. రెప్పపాటులో చెయ్యి సన్నబడింది. అప్పట్లో నాకు పూటంతా పట్టిన పని.

నేను దాని మణికట్టు పట్టుకున్నాను. "వద్దమ్మా. మళ్ళీ ఎలా ఉందో అలా పెట్టు."

"అలవాటమ్మా" అంది నొచ్చుకుంటూ. వెనక్కి తెచ్చింది. చెయ్యి మళ్ళీ దిగజారి నాదైంది. "ఏమీ ముట్టుకోవద్దా? ఆ మెడ దగ్గర మచ్చ కూడానా?"

"ముట్టుకున్నావంటే వీపు పగులుతుంది. పెద్ద సైజులో తియ్యి."

ప్రింటు వచ్చింది. అందులో ఉన్న మనిషిని నేనెప్పుడూ చూడలేదు. కోపిష్టి మొహం, నెరిసిన పాపిడి, గోడకి ఆరేసిన గుడ్డల్లా రెండు చేతులు. చూడగా చూడగా అలవాటైంది. మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ప్రింటుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూశారు. లైటు సరిగ్గా పడలేదంటారేమో అనుకున్నాను.

"వీధిలో అందరి పెళ్ళాల ఫోటోలూ తీశాను" అన్నారు అమ్మాయితో, నా వంక చూడకుండా. "మీ అమ్మ ఫోటో మాత్రం ఇవాళే తీశాను."