రోజూ అన్న ఒక్క మాట

వీధి చివర దర్జీ దుకాణం నడిపే ఆమెను చర్చి సంఘంలో అందరూ రేడియో అక్క అనేవారు. ఎదురుగా ఎవరూ అనరు గానీ ఆమెకు తెలుసు. ఆ పేరు పోగొట్టుకోవాలనే ఈమధ్య ఒక అలవాటు చేసుకుంది. పొద్దున్నే షట్టరు ఎత్తకముందు బట్టలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చుని, నిన్న నోరు జారిన మాటలన్నీ దేవుడి ముందు ఒప్పుకునేది. "నన్ను కడుగు ప్రభువా" అని లేచేది. మనసు తేలికపడేది. షట్టరు ఎత్తేది.

ఆ శనివారం, సంఘంలో పాటల బృందాన్ని నడిపే ఆవిడ ఆరాధనలో వేసుకునే కొత్త గౌను తొడిగి చూసుకోవడానికి వచ్చింది. ఆవిడ కొడుక్కి ఆసుపత్రిలో నర్సుగా చేసే అమ్మాయితో పెళ్ళి కుదిరింది. మర్నాడు ఆరాధనలో పాస్టరుగారు ఆ ప్రకటన చదవాలి.

"ప్రకటన ఆపిస్తున్నాం," అంది ఆవిడ, అద్దంలో భుజాలు చూసుకుంటూ. "సాయంత్రం పాస్టరుగారింట్లో తేల్చేస్తాం."

రేడియో అక్క పెదాల మధ్య నుంచి గుండుసూదులు తీసింది. "అయ్యో, ఎందుకండీ?"

"ఎందుకేంటి? నువ్వేగా చెప్పావు! ఆ పిల్ల రోజూ తెల్లారగట్ల ఎవడిదో కారు దిగుతోందని."

నిజానికి ఆమె చూసింది ఒక్కసారే. కిటికీ తీస్తుంటే ఆ అమ్మాయి కారు దిగి, లోపలివాళ్ళకు చెయ్యి ఊపి వెళ్ళిపోయింది. అంతే. చెప్పేటప్పుడు మరీ చప్పగా ఉందనిపించి 'రోజూ' అని కలిపింది.

ఇప్పుడే చెప్పేద్దామని నోరు తెరిచింది. పాటల బృందం బట్టలన్నీ తన దగ్గరే కుట్టిస్తారన్న సంగతి గుర్తొచ్చింది.

"కింద మడత ఇంకాస్త దించనా అండీ?" అంది.

ఆవిడ వెళ్ళగానే లోపలి గదిలోంచి అత్తగారు వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అంతా విన్నాను."

"అది నేను ఎప్పుడో ఒప్పుకున్నాను అత్తయ్యా. దేవుడికి చెప్పేశాను."

"దేవుడికి చెప్పావు, బాగుంది. ఆవిడ చెవిలో పోసింది ఎవరు తోడతారు? ఆయనే దిగి రావాలా?"

"వెళ్తే నా పరువేం కావాలి?"

"ఆ పిల్లకి లేదా పరువు?"

మధ్యాహ్నమంతా ఆమె కుట్టిందే విప్పి మళ్ళీ కుట్టింది. ప్రార్థిద్దామని కళ్ళు మూసుకుంటే మాట పెగల్లేదు. సాయంత్రం మిషను మీద గుడ్డ అలాగే వదిలేసి బయల్దేరింది.

పాస్టరుగారి ముందుగదిలో రెండు కుటుంబాలూ ఎదురెదురుగా కూర్చున్నాయి. నర్సు తల వంచలేదు. పెళ్ళికొడుకు మాత్రం తన బూట్లకేసి చూస్తున్నాడు.

"నేనొక మాట చెప్పాలండీ," అంది రేడియో అక్క. కూర్చోమన్నా కూర్చోలేదు. "ఈ అమ్మాయి కారు దిగడం నేను చూసింది ఒక్కసారే. రోజూ అన్నది నేను కలిపిందే. అబద్ధం."

"కళ్ళారా చూశానన్నావు కదే!" పాటల బృందం ఆవిడ లేచి నిలబడింది. "నా ఇంట్లో నిప్పుపెట్టి, ఇప్పుడు తీరిగ్గా వచ్చి అబద్ధం అంటావా?"



"ఆ రోజు మా వార్డులో ఒకాయన పోయారు," అంది నర్సు. "రాత్రంతా ఆయన పక్కనే ఉన్నానని వాళ్ళమ్మాయి నన్ను ఇంటి దగ్గర దింపింది. ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు."

పాటల బృందం ఆవిడే ముందు తేరుకుంది. "సరే, ఏదో పొరపాటు. అయిపోయింది కదా. పాస్టరుగారూ, రేపు ప్రకటన చదివేయండి."

"చదవకండి," అంది నర్సు. పెళ్ళికొడుకు వైపు తిరిగింది. "నువ్వు కూడా అడగలేదు."

అతను తలెత్తాడు. ఆ అమ్మాయి లేచి బయటికి నడిచింది.

రేడియో అక్క ఆమె వెంట గేటుదాకా పరుగెత్తింది. "నన్ను క్షమించమ్మా. నీ పెళ్ళి నా నోటివల్లే..."

"ఇప్పుడు కాదక్కా," అంది ఆ అమ్మాయి. "నోటితో అనేస్తే మీలాగే అయిపోతాను. నిజంగా క్షమించినప్పుడు చెప్తాను."

పాటల బృందం వేరే దర్జీని చూసుకుంది. రేడియో అక్క పొద్దుటి ప్రార్థన మానలేదు గానీ, ఇప్పుడు ఎవరినైనా నొప్పించి ఉంటే షట్టరు ఎత్తకముందే వాళ్ళింటికి వెళ్ళొస్తోంది. కొందరు తలుపు తియ్యరు.

వానలు మొదలయ్యాక ఒకరోజు నర్సు దుకాణానికి వచ్చి, చంక దగ్గర చిరిగిన యూనిఫాం బల్ల మీద పెట్టింది.

"సోమవారానికి కావాలక్కా."

అడగాలనిపించినవి, చెప్పాలనిపించినవి ఎన్నో ఆమె గొంతుదాకా వచ్చాయి.

"సరేనమ్మా," అంది.