ప్రార్థనాలయపు దూలములు

జ్యేష్ఠమాస మధ్యాహ్నమార్తాండుడు నడినెత్తిన నిలిచి నిప్పులు చెరుగుచుండ రేవులపాలెపు సైకతస్థలమెల్ల కాగినపెనమువలె కాలుమోప నలవికాక యుండెను. తూర్పున సముద్రము వేసవిచే సోలిన మత్తగజమువలె మెల్లమెల్లగా నూర్పులు విడుచుచుండెను. గాలి స్తంభించినందున తాటియాకులు గలగలలు మానెను. జాలరులు ఒడ్డునకు లాగిన పడవల నీడను వలలు తలగడలుగా చేసికొని నిద్రించుచుండిరి. ఊరికి వెలుపల ఇసుకమెట్టపై సున్నపుగోడలతోను పెంకుటికప్పుతోను కప్పుపై కొయ్యసిలువతోను ఒప్పు చిన్న క్రైస్తవ ప్రార్థనాలయ మొక్కటియే ఆ మిట్టయెండలో తెల్లగా మెరయుచుండెను.

ఆ సంవత్సరము బర్మాదేశమున యుద్ధము చెలరేగి రంగూను పట్టణముపై ఆకాశమునుండి బాంబులు కురియగా తరతరములుగా సముద్రము దాటిపోయి ధాన్యపుమిల్లులలోను ఓడరేవులలోను చెమటయోడ్చి బ్రతికిన తెలుగువారు వేలకొలదిగా కట్టుబట్టలతో బయలుదేరి అరకాను కొండలను కాలినడకను దాటి స్వదేశమునకు మరలి వచ్చుచుండిరి. స్వదేశమనుట పేరునకు మాత్రమే. వారి తాతలు విడిచిపోయిన గ్రామములు వారి నెరుగవు. ఆ గ్రామములను వారును ఎరుగరు. అట్టి అభాగ్యుల గుంపొకటి రైలుదిగి ఏటికావలి పల్లెలకు పోదలచి ఆ మధ్యాహ్నము రేవులపాలెపు పడవరేవునకు చేరెను. అందొక వృద్ధుడు నీటియంచున కూలబడి వాంతి చేసికొనెను. పడవవాడైన సింహాద్రి అది కాంచి గడకఱ్ఱతో పడవను దూరముగా నెట్టి,

“కలరా! కలరా తెచ్చినారురా బాబో! ఒక్కడు కూడా నా పడవెక్కడానికి నేదు, ఎల్లిపోండి!” అని కేక వైచెను.

ఆ కేక వారికన్న ముందుగా ఊరు చేరెను. సత్రపుతలుపు మూయబడెను. వీధిలో నొక్కొక్క వాకిలియు వారి యడుగుల సవ్వడి వినినంతనే మూతపడెను. గ్రుక్కెడు నీళ్లైన నోచుకొనక వారు ఊరిని వెడలి ఇసుకమెట్ట దాపునకు వచ్చిరి.

అప్పుడు ప్రార్థనాలయమున నేల నూడ్చుచున్న కెజియమ్మ వారిని చూచెను. ఆమె దివంగతుడైన సంఘబోధకుని యర్ధాంగి, సంతానము లేనిది. భర్త పోయినపిదప సంఘమువా రామెకు ఆలయమును శుభ్రపరచి తలుపులు తీసి మూయు పని నప్పగించి ఆవరణములోని పూరింట నుండనిచ్చిరి. ఆమె చీపురు గోడకానించి ఆలయద్వారపు రెండు తలుపులను బార్లగా తెరచి కడవతో నీరు తెచ్చి గుమ్మమున నిలిచెను.

“లోపలికి రండి. చల్లగా ఉంది” అనెను.

వాంతిచేసికొనిన వృద్ధుడు పోలయ్య. అతడు మెట్టుపై కాలు మోప సంశయించి, “ఇది మీ దేవుడి గుడి గదమ్మా. మావు వేరేవోళ్లం” అనెను.

“గుడీ దేవుడిదే, ఆ ఎండా దేవుడిదే, తాతా. నీడలోకి రా.”

ఈ వార్త విని సంఘపెద్దయైన ఎలియాజరు గొడుగు వేసికొని వడివడిగా వచ్చెను. ఆయన ఉప్పుకొఠారులో చిరకాలము అధికారము నెరపి విశ్రమించినవాడు, నీతిపరుడు, సంఘమున కంతటికి మాటచెల్లువాడు. ఆలయపు పాతకప్పు చెదలుపట్టి శిథిలమగుచుండ ఎలియాజరు ఇల్లిల్లు తిరిగి ప్రోత్సహించి బీదసంఘస్థులు కోతకాలమున కూడబెట్టిన పిడికెడు గింజల సొమ్ముతో మద్దిదూలములను తెప్పించి ఆవరణమున పేర్పించియుండెను. క్రొత్తకప్పు చూచి కన్ను మూయవలెననుట ఆయన యేకైకవాంఛ.

“కెజియమ్మా! ఎవరినడిగి తలుపులు తీశావు? అది కలరానే అయితే మన పిల్లల గతేమిటి? ఆదివారం ఆరాధన ఎక్కడ చేస్తాం?” అని ఆయన గుమ్మము వెలుపలనుండియే యడిగెను.

“ఆరుబయట చేద్దామండి. ప్రభువు బోధించింది ఎక్కువగా ఆరుబయటే గదా.”

“వాళ్లు మనవాళ్లు కారు.”

కెజియమ్మ జంకక, “పసిబిడ్డగా ఉన్న ప్రభువును ఎత్తుకొని వాళ్లమ్మ ఐగుప్తుకు పారిపోయినప్పుడు అక్కడివాళ్లు ఇలాగే తలుపులు వేసుకొని ఉంటే, ఈవేళ మనం ఎవరికి మొక్కేవాళ్లమండీ?” అనెను.

ఆ మాటతో ఎలియాజరునకు కోపము హెచ్చెను గాని తగ్గలేదు. ఆయన గొడుగు త్రిప్పుకొని వెడలిపోయెను.

కెజియమ్మ నీరు కాచి చల్లార్చి త్రాగించుచు గంజి కాచి పోయుచు మలినవస్త్రముల నుడికించి యారవేయుచు ఆ జనులను కాపాడజొచ్చెను. తొలుత సంఘస్త్రీలు బియ్యపుమూటలను మెట్టక్రింద నుంచి పాఱిపోవుచుండిరి. క్రమముగా నొకతె మెట్టెక్కెను. వేఱొకతె గుమ్మము దాటెను. అది కలరా కాదనియు ఆకలిచేతను కలుషితజలముచేతను కలిగిన యతిసారమనియు తేటపడెను. తక్కినవారు తేరుకొనిరి. పోలయ్య మాత్రము నానాటికి క్షీణించెను.

అతని తల దగ్గఱ సర్వదా తాటియాకు విసనకఱ్ఱతో కూర్చుండునది అతని కోడలు. ఆమె బర్మాదేశపు స్త్రీ, బుద్ధునారాధించునది. ఆమె పేరు మ్యా. మామగారి నోట నది మాయమ్మ యయ్యెను. తెలుగు ఆమెకు కొద్దిగా మాత్రమే వచ్చును. ఆమె భర్తయగు పోలయ్య కుమారుడు అరకాను కొండదారిలో జ్వరపీడితుడై మరణింపగా వెనుకనుండి జనప్రవాహము త్రోయుచుండ వారాతని కళేబరమును పొదచాటున విడిచి నడచిరి.

ఒకనాటి యుదయమున పోలయ్య కెజియమ్మ చేయి పట్టుకొని, “అమ్మా, మీ మతంలో కలవమంటావేటి?” అని భయపడుచు నడిగెను.

“గంజి తాగమంటాను, తాతా.”

అతని కన్నులు చెమర్చెను. “అయితే ఒక్క మాట. నా కొడుకు మీద గుప్పెడు మన్ను కూడా ఎయ్యనేకపోనాను. నన్నైనా మావోళ్ల పద్ధతిలో కట్టెల మీద కాల్పించు. కుక్కలకి వొదిలీకమ్మా.”

“మాటిస్తున్నాను” అని కెజియమ్మ పలికెను. మఱునాటి ప్రాతఃకాలమున పోలయ్య శాంతముగా కన్ను మూసెను.

మాట యిచ్చుట సులభమైనను చెల్లించుట దుర్ఘటమయ్యెను. కట్టెలదుకాణమువాడు అది కలరా కాదన్నను నమ్మక కలరాశవమునకు కట్టెలమ్మనని తలుపు బిగించెను. ఆ యిసుకనేలపై తాటిచెట్లు తప్ప వేఱు చెట్లు లేవు. అవియు పరులవి. కెజియమ్మ తిన్నగా ఎలియాజరు నింటికి పోయి దూలముల నిమ్మని యడిగెను.

ఆయన చివాలున లేచెను. “దేవునికి ప్రతిష్ఠించిన కొయ్య అది! కావలిస్తే మన సమాధితోటలో చోటిస్తాను. అన్యుణ్ణి అక్కడ పెట్టారని పదిమందీ నన్నంటే పడతాను. అంతకన్నా ఏం చెయ్యను?”

“మీది మంచిమనసేనండి. కాని ఆయన అడిగింది చోటు కాదు, కట్టెలు. మనకిష్టమైనది ఇస్తే అది మన దయ. ఆయనకు కావలసింది ఇస్తే అది ఆయనకు దయ.”

ఎలియాజరు పైపంచె భుజమున వైచుకొని ఆమె వెంట నడచి శరణార్థులు వచ్చిన నాటినుండి యడుగిడని యాలయమున తొలిసారి యడుగిడెను. లోన మ్యా మామగారి శవముకడ కూర్చుండి విసరుచునే యుండెను. ప్రాణమున్ననాడు విసరినంత మెల్లగా, అంత శ్రద్ధగా, ఈగ వ్రాలనీయక విసరుచుండెను.

“అమ్మాయీ, ఆయన పోయాడు గదా” అని ఎలియాజరు హీనస్వరమున ననెను.

ఆమె తలయెత్తి తనకు వచ్చిన నాలుగు మాటలను కూర్చుకొని, “మా ఆయనని... దారిలో వొదిలేశాం. నాన్నని వొదలను” అనెను. విసనకఱ్ఱ యాగలేదు.

ఎలియాజరు భార్య పోయిననాడు సంఘమంతయు వెంటనడచెను, పూలు వైచెను, పాటలు పాడెను. సంఘస్త్రీలవలన వినియున్న ఆ కొండదారిలోని పొదచాటు ఆయన కన్నులకు కట్టెను. తుదకు ఆయన ఆవరణమునకు వచ్చి పైపంచె నడుమునకు బిగించి వృద్ధుడయ్యును దూలపు కొన నొకదానిని తానే యెత్తెను. రెండవకొన నిసుకపై నీడ్వబడుచుండ గాంచి సంఘస్థులు పరుగున వచ్చి అందుకొనిరి.

సముద్రతీరమున చితి పేర్చబడెను. కోడలే నిప్పంటించెను. క్రైస్తవులు తలపాగలు తీసి చుట్టును నిలిచిరి. ఏమి చదువవలెనో వారికి తెలియలేదు. ఒకడు కీర్తన నెత్తుకొనబోగా ఎలియాజరు చేయెత్తి వారించి, “ఆ అమ్మాయిని చెప్పుకోనివ్వండి” అనెను. మ్యా కరములు మోడ్చి తన భాషలో దీర్ఘముగా నేమో పలికెను. ఒక్కపదమైన నెవరికి నర్థము కాలేదు. ఆమె ముగించువఱకు ఒక్కడైన కదలలేదు.

ఏటిమధ్యనుండి ఆ జ్వాలను చూచిన సింహాద్రి పడవను మెల్లగా రేవునకు చేర్చి తలవంచుకొని కెజియమ్మ యెదుటికి వచ్చెను. “వాళ్లని దాటిత్తానమ్మా. డబ్బులొద్దు” అనెను. శరణార్థులు పడవ యెక్కి కనుమఱుగగువఱకు చేతులూపుచు పోయిరి. మామగారి యూరివారు తన్ను చేర్చుకొందురో లేదో యని సందేహించుచు పడవ యెక్కక గట్టుననే నిలిచిన మ్యా చేతిమూటను కెజియమ్మ తన చంక కెత్తుకొని, “ఇంటికి పోదాం పద, మాయమ్మా” అనెను. ఆ నాటినుండి ఆ పూరింట ఇరువురు స్త్రీలు వసించిరి.

ఆషాఢమున వర్షములు దిగెను. ఒక యాదివారమున ఆరాధన జరుగుచుండ పాతకప్పు పలుతావుల కాఱ నారంభించెను. ఒకడు పైకి చూచి విసుగుకొనగా ఎలియాజరు తన తెల్లతలపై చినుకులు పడుచుండ నవ్వి,

“కారనివ్వవయ్యా. ఇంకాస్త దగ్గరికి జరగండి” అనెను.

పరదేశికి తలుపు తీయని యాలయమునకు కప్పెంత దృఢమైనను అది నాలుగుగోడలు మాత్రమే. తీసినదానికి ఆకాశమే కప్పు. జనులు తడిసిన తావులు విడిచి ఒకరినొకరు ఒరసికొని కూర్చుండిరి. స్త్రీల నడుమ లేని తావును కల్పించి మ్యాకు చోటు చేసిరి. బయట వాన హోరుమనుచుండ లోన పాట అంతకన్న బిగ్గఱగా లేచెను.